తారు పూసిన మూత

మొదటి గదిలో మిరపకాయ టిక్కీలు చల్లగా పడుకుని ఉన్నాయి. రెండో గదిలో మనుషులు ఉడికిపోతున్నారు.

గుంటూరు పొలిమేరలో కడుతున్న ఆ కోల్డు స్టోరేజీలో మొదటి గది పూర్తయి, యంత్రాలు తిరిగి, గోనెబస్తాల్లో కుక్కిన మిరపకాయ సరుకు కూడా ఎక్కింది. రెండో గదికి గోడలు లేచాయి, కప్పు పడింది. కిటికీ అన్నది లేదు. ఉన్న ఒక్క తలుపు ముందరే తారు డ్రమ్ము కాగుతోంది. లోపలికి వచ్చే కాస్త గాలీ దాని మీదుగానే రావాలి. మే నెల ఎండ.

జక్రయ్య పరంజా మీద నిలబడి గోడకి థర్మాకోల్ పలకలు అంటిస్తున్నాడు. కొండమ్మ కింద నుంచి అందిస్తోంది. ఆడకూలీలు వాటిని బెండు పలకలంటారు. మనిషి ఛాతీకి రెండింతల వెడల్పు ఉన్నా, ఎత్తితే చేతిలో ఏమీ ఉన్నట్టుండదు. బయట కాస్త గాలి వీస్తే చాలు, పలకతో పాటు మోసే మనిషి కూడా గిర్రున తిరిగిపోయేది. మొదట్లో కొండమ్మకి అదే భయం. ఇటుకలు మోసిన నెత్తికి బరువు లేని సరుకు మొయ్యడం చేతకాలేదు.

జక్రయ్య తారులో ముంచిన పుల్ల తీసి, పగిలిన పలక ముక్క మీద ఒక చుక్క వేశాడు. ముక్క మీద సన్నగా పొగ వచ్చి గుంట పడింది.

"ఇదుగో, తింటంది చూడు. బాగా కాగింది. బకెట్టు దించి కాసేపు చల్లారనియ్యి," అన్నాడు.

"ఇందాకట్నుంచీ చల్లారుస్తానే ఉన్నా. ఈ గదిలో ఏది చల్లారుద్దయ్యా?"

కింద నేల మీద పలకలు పరిపిస్తున్న పిచ్చయ్య మేస్త్రి తల ఎత్తాడు. "ఏరా జక్రయ్యా, పెళ్ళాన్ని కింద నిలబెట్టి నువ్వు పైన దొరలా నిలబడ్డావేందిరా?"

"పైన వేడెక్కువ మేస్త్రీ. నల్లబడుద్దని దాన్ని కిందుంచా."

"ఇంకా నల్లబడ్డానికి చోటేదిరా!"

ఆడవాళ్ళు నవ్వారు. కొండమ్మ కూడా నవ్వి, తారు చెయ్యి మేస్త్రి వైపు విసిరింది.

నేల మీద పరిచిన పలకల మీద కాంక్రీటు పొయ్యాలి. దాని మీద కప్పు దాకా టిక్కీలు పేరుస్తారు. కొండమ్మ అన్న కొడుకు ఏసోబుకి ఇది ఎంత చెప్పినా నమ్మకం కలగలేదు. పాతికేళ్ళ మనిషి, పలక మీద ఎక్కి రెండు కాళ్ళతో ఎగిరి చూశాడు.

"మామా, గోరుతో గిల్లితే ఊడొస్తంది. లారీ సరుకు ఎట్టా మోస్తదీ?"

"పలకంతా సమానంగా నేలకి ఆనుకుని ఉంటే మోస్తదిరా," అన్నాడు జక్రయ్య పై నుంచి. "బరువు నిలువునా పడాల. అంచు మీద కొట్టావా, బిస్కట్టే. ఇంజినీరు గారు మొదటి గదిలో చూపించాడుగా." తరువాత గొంతు తగ్గించి, "కొండమ్మా, మంచినీళ్ళియ్యి," అన్నాడు.

ఆమె కుండ దగ్గరికి వెళ్ళి చెంబు ముంచుకుని తిరిగి వచ్చింది. జక్రయ్య పరంజా మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళో పలక ఉంది. కాసేపు కూర్చున్నాడులే అనుకుంది. చెంబు పైకి అందించింది. ఆయన చెయ్యి చాపలేదు.

"ఇదుగో, నీళ్ళు," అంది.

పలకకి పూసిన తారు ఆయన పంచెకి అంటుకుంటోంది. పంచె పాడవుతున్నా ఆయన పలక జరపలేదు. అప్పుడు కొండమ్మ చేతిలో చెంబు వదిలేసింది.

* * *

రోడ్డు మీది డాక్టరు వచ్చి చూసి, వడదెబ్బ, గుండె ఆగిపోయింది అని చెప్పి వెళ్ళాడు. జక్రయ్యని తలుపు బయట, గోడ నీడలో గోనెపట్టా మీద పడుకోబెట్టారు. నీడ జానెడు వెడల్పు ఉంది. కొండమ్మ కొంగుతో ఈగల్ని తోలుతూ ఒకటే మాట అంటోంది.

"పిల్ల రావాల. జయకుమారి రావాల."

జయకుమారి నాగపూర్ అవతల మిషన్ ఆసుపత్రిలో నర్సు. రైలెక్కి విజయవాడలో దిగి, బస్సులు మారి రావాలంటే, కబురందాక కూడా ఒక పగలూ ఒక రాత్రీ పైనే. మే నెలలో, ప్రత్తిపాడు పక్కనున్న వాళ్ళ పాలెంలో ఎవరు పోయినా అదే సాయంత్రం, మహా అయితే మర్నాటి పొద్దున సమాధి చేసేస్తారు. ఎవరికోసమూ ఆగరు. ఆగలేరు.

కొండమ్మ లేచి మొదటి గది వైపు వెళ్ళింది. తలుపు సందులోంచి సన్నగా చలిగాలి కాళ్ళకి తగిలింది. ఎండలో నిలబడి ఆ కాస్త చలినీ పాదాలతో తెలుసుకుంటూ, మేనేజరు బాపయ్యతో చెప్పింది. బాపయ్య తనవల్ల కాదని ఓనరుకి కబురు పంపాడు. ఓనరు జీపులో వచ్చాడు. వస్తూనే జక్రయ్య దగ్గరికి వెళ్ళి తల వంచి నిలబడ్డాడు. మంచి పనివాడు అన్నాడు.

"అయ్యా, నా బిడ్డ వచ్చేదాకా ఆయన్ని ఆ గదిలో ఉంచనియ్యండయ్యా. ఒక మూల చాలు."

"అది మనుషుల్ని పెట్టే గది కాదమ్మా. రైతుల సరుకు. రేపు బయటికి తెలిస్తే ఒక్క టిక్కీ కొనేవాడుండడు."

"ఆ గోడలన్నీ ఆయన చేతులేనయ్యా. ఒక్కో పలకా ఆయనే అంటించాడు. నేను అందించా."

"కాదనను. కానీ శవం... ఎవరి శవమైనా ఒప్పుకోరు. అందులోనూ..."

ఓనరు అక్కడ ఆగిపోయాడు. ఆగిపోయిన మాట అందరికీ వినపడింది. పిచ్చయ్య మేస్త్రి తల వంచుకుని కాలి కింది ఇసుక చూశాడు. బాపయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కొండమ్మ ఏడవలేదు. రెండో గది పక్కన పోసి ఉన్న విరిగిన పలకల కుప్ప వైపు చూసింది. కూలీలు వాటితోనే చిన్న పెట్టె కట్టుకుని, ఐసుముక్క తెచ్చి అందులో దాచుకునేవాళ్ళు. పొద్దున వేసిన ముక్క సాయంత్రానికి కూడా గుప్పెడంత మిగిలేది.

"అయితే పలకలియ్యండి," అంది.

"పలకలతో ఏం చేస్తావు?"

"గది కట్టుకుంటాం. ఆయనకి సరిపడా."

ఓనరు ఆమె ముఖంలోకి చూడలేదు. "విరిగినవి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి," అని జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగాక బాపయ్య, ఎటో చూస్తూ, "ఆ కుప్పలో మంచివి కూడా కొన్ని కలిసిపోయినయ్యి మేస్త్రీ. నేను చూడలేదు," అన్నాడు.

* * *

టెలిగ్రాం ఇవ్వడానికి ఏసోబుతో కొండమ్మే పోస్టాఫీసుకి వెళ్ళింది. కూతురి చిరునామా ఆమెకి నోటికి వచ్చు. రాయడం రాదు.

"మొగం చూపించడానికి ఆపుతున్నాం, భయపడమాక అని రాయరా," అంది.

"టెలిగ్రాంలో అవన్నీ పట్టవత్తా. ఫాదర్ ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమీడియట్లీ. అంతే."

"ఆపుతున్నాం అని ఒక్క మాట రాయి. లేకపోతే అప్పుడే అయిపోయిందనుకుని రాదు."

ఏసోబు ఆలోచించి 'వెయిటింగ్' అని కలిపాడు. కొండమ్మ ఆ మాట ఏదో వేలు పెట్టి చూపించమంది. కాయితం మీద ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు ఆనించి, తరువాత కిటికీలోంచి ఇచ్చింది.

జయకుమారి వెళ్ళిన రోజు జక్రయ్య బస్సు దగ్గరికి రాలేదు. తను చూసిన సంబంధం వద్దని, ఉద్యోగానికే పోతానన్నందుకు కోపం. పరంజా పని ఉందన్నాడు. ఆ రోజు పని లేదని తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. బస్సు కదిలేదాకా ఆ పిల్ల కొండమ్మ భుజం మీదుగా వెనక రోడ్డునే చూసింది. రెండేళ్ళుగా ఉత్తరాల్లో 'నాన్న గారికి వందనాలు' అని చివరి లైను రాస్తోంది. ఆ లైను చదివినప్పుడల్లా జక్రయ్య లేచి బయటికి పోయేవాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పెట్టె తయారైంది. అడుగున రెండు వరసల పలకలు, ఒక వరస అతుకు మీద రెండో వరస అతుకు పడకుండా, గోడకి వేసినట్టే. చుట్టూ పక్కలు. వెదురు చీలికలు మేకుల్లా గుచ్చారు. జక్రయ్యకి స్నానం చేయించి, తెల్లపంచె కట్టి, ఐసు మీద పట్టా పరిచి పడుకోబెట్టారు. పైన మూత వేశారు. మూత చుట్టూ నల్లగా, ఒక్క వెంట్రుక సందు లేకుండా తారు.

కొండమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"పూసేశావా అన్నా?"

"ప్రత్తిపాడు దాకా లారీ మీద వడగాలి కదమ్మా, అని..." పిచ్చయ్య అలా అంటూనే చేతిలో తారు కుంచె వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎక్కడ సందు కనపడితే అక్కడ తారు పూసిన చెయ్యి అది. పూసేటప్పుడు అతనికి ఇంకో ఆలోచనే రాలేదు. "చేతికి అలవాటు చెల్లెమ్మా," అన్నాడు మెల్లిగా.

"మళ్ళీ తెరవాలంటే?"

"కోసి, పగలదియ్యాల. ఒక్కసారే తెరవగలం. మళ్ళీ ముయ్యడానికి పనికిరాదు. ఐసు వెయ్యడానికి కాళ్ళ దగ్గర చిన్న కిటికీ వదిలా. దానికి బెండు బిరడా ఉంది."

కొండమ్మ మూత మీద చెయ్యి వేసింది. స్నానం చేయించాక, శుభ్రంగా ఆయన ఎలా ఉన్నాడో ఆమె చూడలేదు.

"సరే," అంది. "ఒక్కసారే తెరుద్దాం. పిల్ల వచ్చాక."

* * *

పెట్టె కింద తాళ్ళు వేసి, మగవాళ్ళు రెండు వైపులా పట్టి లేపారు. అంచు పట్టుకుంటే విరుగుతుందని పిచ్చయ్య కేకలు వేస్తూనే ఉన్నాడు. ఐసూ మనిషీ బరువుకి అది విరిగిపోతుందేమోనని కొండమ్మ పక్కనే చేతులు చాపి నడిచింది. పెట్టె కిర్రుమంది గాని విరగలేదు. లారీ మీద అందరూ దాని చుట్టూ కూర్చుని, మలుపుల్లో అది జరగకుండా కాళ్ళు ఆనించారు.

పాలెంలో ప్రార్థన మందిరం ముందు తాటాకు పందిరి కింద దించారు. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. ముఖం లేదు. తెల్లటి పెట్టె, నల్లటి అంచులు. ఒకామె పెట్టె మీద పడి ఏడవబోయింది. కొండమ్మ ఆమె భుజం పట్టుకుని ఆపింది.

"దాని మీద పడమాకే. విరుగుద్ది."

"ఇదేం చోద్యమే కొండమ్మా? మొగం చూడకుండా ఎట్టా ఏడవాల?"

"నా బిడ్డ వచ్చాక అందరూ చూద్దురుగాని."

ఏడుపులు సన్నబడ్డాయి. కొంతసేపటికి ఆడవాళ్ళు చేరి, ఆ పెట్టె దేనితో చేశారో, నీళ్ళు ఎటు పోతాయో మాట్లాడుకున్నారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, కొండమ్మని పక్కకి పిలిచారు.

"వద్దనడం లేదమ్మా. ఎల్లుండి సాయంత్రం దాకా ఆగుతాను. పెట్టె మూసి ఉన్నంత వరకే. తెరిస్తే మాత్రం ఈ ఎండకి ఇక ఆగలేం. అప్పటికప్పుడే సమాధికి తీసుకెళ్ళాలి."

"అట్టాగే అయ్యగారూ."

ప్రత్తిపాడులో సోడాల షాపు పెట్టుకున్న రంజాన్, ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు రిక్షాలో తెచ్చాడు. కొండమ్మే బిరడా తీసి, ముక్కలు కొట్టించి, లోపలికి తోసేది. అలా తోసినప్పుడల్లా ఆమె చేతికి ఆయన పాదాలు తగిలేవి. మడమల పగుళ్ళు తెలిసేవి. చెయ్యి తీసి గబగబా బిరడా బిగించేది. అటూ ఇటూ చూసి, ఎవరైనా దగ్గరికొస్తే జరగమనేది. పిల్లలు ఆ వైపు ఆడితే అదిలించేది. పెట్టె మీదికి ఎండ రాకుండా తాటాకులు మారుస్తూ, అడుగునుంచి కారే నీళ్ళు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అని చూస్తూ, ఆ పూటా మర్నాడూ ఆమె కూర్చున్నదే లేదు.

* * *

మర్నాడు మధ్యాహ్నం ఎలీసమ్మ వచ్చింది. జక్రయ్యకి అక్క. ఒంగోలు అవతల ఊళ్ళో ఉంటుంది. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. కళ్ళలో పొరలు వచ్చాయి. పట్టపగలు, ముఖంలో ముఖం పెడితే గాని మనిషిని పోల్చుకోలేదు. బస్సు దిగి, కర్ర పట్టుకుని, దారిలో ఎవరినో అడుగుతూ వచ్చింది.

పెట్టె దగ్గర కూలబడి రెండు చేతులూ దాని మీద వేసింది. తడిమింది. మూత పొడుగునా తడిమింది.

"ఇందులో ఉన్నాడంటే?"

"ఉన్నాడు వదినా."

"చల్లగా కూడా లేదేందే?"

లోపలి చలి బయటికి రానియ్యకపోవడమే దాని పని. ఎంత బాగా కడితే అంత తెలియదు.

"తియ్యవే. ఒక్కసారి చూసి ఊరుకుంటా. పొద్దుండగా అయితేనే నాకు ఆనుతది."

"వదినా, తెరిస్తే మళ్ళీ మూతపడదు. పిల్ల రేపు వస్తంది. వచ్చాక చూద్దువుగాని."

"రేపటికి నేనుంటానో లేదో."

"అట్టా అనమాక."

"పిల్లకి తండ్రే. కాదన్నానా? నాకు వాడు కొడుకే. మా అమ్మ నా చేతుల్లో పెట్టిపోయింది వాణ్ణి." ముసలామె గొంతు లేచింది. "నీకు తాళం చెవి ఎవరిచ్చారే? కోల్డు స్టోరేజీ వాళ్ళు మీకు గది ఇయ్యలేదని ఆ పిల్లోడు చెప్పాడు. మరి నువ్వు నాకు చేస్తన్నదేంది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. కొండమ్మకి చెంపలు మండాయి. ఏదో ఒకటి ఇవ్వాలని, వంగి కాళ్ళ వైపు బిరడా తీసింది.

"వదినా, ఇటు రా. ఇందులోంచి చెయ్యి పెట్టు. పాదాలు తగులుతయ్యి."

ఎలీసమ్మ కదలలేదు. "పెద్దదాన్ని. తమ్ముడి కాళ్ళు పట్టుకోమంటావా?"

కొండమ్మ బిరడా మళ్ళీ బిగించేసింది. చలి పోతుందని.

సాయంత్రం రంజాన్ ఖాళీ రిక్షాతో వచ్చాడు. కరెంటు కోత వల్ల ఐసు ఫ్యాక్టరీ ఆగిపోయిందనీ, ప్రత్తిపాడంతా తిరిగినా ముక్క దొరకలేదనీ చెప్పి, ఆమె ఎదుట నిలబడలేక రిక్షా గంట అటూ ఇటూ తిప్పాడు. కారే నీళ్ళు ధారగా వస్తున్నాయి. కొండమ్మ ఆ ధారని చేత్తో ఆపగలదేమోనన్నట్టు చూసింది.

పొద్దు కుంకే వేళకి పిచ్చయ్య మేస్త్రి లారీ దిగాడు. నెత్తిన తడిసిన గోనెసంచి. మొదటి గదిలో గొట్టాలకి పేరుకున్న మంచు గీకి రోజూ బయట పారేస్తారు. బాపయ్య ఆ పూట దాన్ని పారెయ్యనియ్యకుండా ఊకలో కట్టించి పంపాడు. సంచి విప్పి తెల్లటి పొడిమంచు కిటికీలోంచి పోస్తుంటే మిరపకాయ ఘాటు గుప్పున లేచింది. పందిరి కింద అందరికీ తుమ్ములు. పాస్టరు గారు తుమ్మారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడవాళ్ళు తుమ్మారు.

"పోతూ పోతూ కూడా మిరపకాయ కోరు పెట్టిపోతున్నాడే నీ మొగుడు," అంది ఒకామె, ముక్కు తుడుచుకుంటూ.

కొందరు నవ్వారు. కొండమ్మ కూడా నవ్వబోయింది. ఎలీసమ్మ మాత్రం పెట్టెకి వీపు ఆనించి, అటు తిరిగి కూర్చుంది. ఆమె మళ్ళీ చూపించమని అడగలేదు.

* * *

తెల్లవారుజామున మొదటి బస్సుకి ఏసోబు గుంటూరు వెళ్ళాడు, జయకుమారి దిగితే తోడు తీసుకురావడానికి. కొండమ్మ కాస్త కన్ను మూసినట్టుంది. తూరుపు తెల్లబడ్డాక లేచి, అలవాటుగా నీళ్ళ ధార చూడబోయింది.

పెట్టె కాళ్ళ వైపు ఎలీసమ్మ నేల మీద పక్కకి ఒరిగి ఉంది. బిరడా తీసి ఉంది. మోచెయ్యి దాకా ఆమె చెయ్యి కిటికీ లోపల ఉంది. చలి పోకుండా చెయ్యి చుట్టూ తన చీర కొంగు కుక్కింది, ఎక్కడా సందు లేకుండా.

"వదినా."

ముసలామె ఉలిక్కిపడి చెయ్యి బయటికి తీసింది. గబగబా బిరడా కోసం నేల తడిమింది.

"ఎక్కువసేపు కాలేదే. కొంగు కుక్కానుగా. చలి పోలేదులే, చూసుకో."

ఆ చెయ్యి తెల్లగా పాలిపోయి, వేళ్ళ చివర్లు నానిన చర్మంలా ముడతలు పడి ఉన్నాయి. వేళ్ళు ముడుచుకోవడం లేదు. కొద్దిసేపు పెడితే అలా కావు. కొండమ్మ ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. రుద్దుతూనే ఉంది. వేడి ఎక్కలేదు.

"కాళ్ళు పట్టుకోనంటివి కదా వదినా."

"ఎవరూ చూడలేదులేవే."

కొండమ్మ ఆ చెయ్యి వదిలి లేచింది. మేస్త్రి సంచిలోంచి తాపీ తీసింది. మూత మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాపీ కొస తారులోకి దించింది.

"ఏం చేస్తన్నావే? వద్దు. పిల్ల రాలేదింకా."

కొండమ్మ తాపీని ఇంకా లోతుకి నొక్కింది. చల్లబడిన తారు గట్టిగా ఉంది. రెండు చేతులతో తాపీని ముందుకీ వెనక్కీ ఆడించింది. పలక అంచు పొడిపొడిగా రాలి, తెల్లటి పూసలు ఆమె చేతులకీ చీరకీ అంటుకున్నాయి. ఆ చప్పుడుకి పిచ్చయ్య లేచి పరుగున వచ్చాడు. ఆమె ముఖం చూసి ఆగి, రెండో వైపు నుంచి కొయ్యడం మొదలుపెట్టాడు. మూత తల వైపు సగం ఒక్కసారిగా విరిగి వచ్చింది.

చలి ముఖాన కొట్టింది. పొగలా లేచి, ఎండ తగలగానే లేకుండా పోయింది.

"రా వదినా. పొద్దు వచ్చింది. చూడు."

ఎలీసమ్మ ముఖంలో ముఖం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. అప్పటికీ ఆనలేదేమో, వేళ్ళతో నుదురు, ముక్కు, చెంపలు తడిమింది. ఎడమ కనుబొమలో ఒక తారు చుక్క ఉండిపోయింది. స్నానం చేయించిన మగవాళ్ళు గమనించలేదు. ఆమె దాన్ని గోటితో మెల్లిగా, వెంట్రుకలు లాగకుండా, గీకి తీసింది.

"ఎప్పుడూ ఎండలో కాలిపోతా ఉండేవాడు. చిన్నప్పుడు కూడా ఒళ్ళు పెనంలా ఉండేది," అంది. "ఇంత చల్లగా ఎప్పుడూ లేడే."

అప్పుడు కొండమ్మకి ఏడుపు వచ్చింది. రెండు రోజులుగా రానిది.

పాలెమంతా వచ్చింది. అందరూ చూశారు. అందరూ ఏడ్చారు, ముఖం చూసి ఏడవాల్సినట్టే. పది గంటల బస్సు దాకా ఆగుదామని పాస్టరు గారే అన్నారు. పది గంటల బస్సు వచ్చి, ఇద్దరు రైతులని దింపి, వెళ్ళిపోయింది. ఎండ పందిరి లోపలికి జరిగింది. పిచ్చయ్య కొండమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

జక్రయ్యని చెక్కపెట్టెలోకి మార్చి తీసుకెళ్ళారు.

* * *

జయకుమారి మూడున్నర బస్సుకి దిగింది. రైలు ఆలస్యం. వెనక ఆమె సంచి పట్టుకుని ఏసోబు. మలుపు తిరుగుతూనే ఏసోబు పందిరి చూసి నిలిచిపోయాడు. ఆమె నిలవలేదు. గబగబా నడిచి వచ్చి, తెల్లటి పెట్టె దగ్గర ఆగి, లోపలికి చూసింది.

"ఎప్పుడు?"

"పన్నెండింటికి," అంది కొండమ్మ.

"సాయంత్రం దాకా ఆగుద్దని బావ చెప్పాడు. బస్సులో దారి పొడుగునా చెప్పాడమ్మా. నాన్న అట్టాగే ఉన్నాడు, పెట్టె అంత గట్టిగా కట్టారు, ఏం కాదు అని." ఆమె గొంతు పెరగలేదు. ఆసుపత్రిలో మాట్లాడినట్టు నెమ్మదిగా ఉంది. "నేను అప్పట్నించీ ఏడవడం మానేశా. వచ్చాక ఏడుద్దామని."

"నేనే తెరిచా."

"ఎందుకమ్మా?"

వదిన చెయ్యి అలా తెల్లగా పాలిపోయి ఉందని కొండమ్మ ఎలా చెప్పాలి? చెప్తే అదొక కారణంలా ఉంటుందా? పందిరి గుంజకి ఆనుకున్న ఎలీసమ్మ కర్ర ఆనించుకుంటూ ముందుకు వచ్చింది.

"నాకోసం తెరిచిందే. నన్ను తిట్టు."

జయకుమారి అత్త ముఖంలోకి చూసింది. తిట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు. "సమాధి ఎక్కడ?" అని ఏసోబుని అడిగి, వెళ్ళి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. మోకాళ్ళ దగ్గర చీరకి తడిమట్టి ఉంది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. పెట్టె పక్కన కూర్చుంది.

లోపల కరగని మంచు కాస్త మిగిలి ఉంది. పట్టా కింద, మూలల్లో, ఊకతో కలిసి. కొండమ్మ చూస్తుండగానే ఆ పిల్ల చెయ్యి లోపలికి చాపి, తండ్రి వీపు ఆనిన చోట అరచెయ్యి ఆనించింది.

"ఇంకా చల్లగానే ఉందమ్మా," అంది.

కొండమ్మ కూతురి పక్కన కూర్చుంది. పెట్టె కాళ్ళ వైపు సగం మూత ఇంకా తారు పట్టుకుని అలాగే ఉంది. విరిగిన సగం నేల మీద పడి ఉంది. ఆమె దాన్ని దగ్గరికి లాక్కుంది.

"మూత పెట్టనా? ఇంకాసేపు ఉంటది."

జయకుమారి తల అడ్డంగా ఊపింది. "వద్దులే. పోనీ."

ఎలీసమ్మ కర్రతో దారి తడుముకుంటూ వచ్చి రెండో వైపు చతికిలబడింది. ఆ పిల్ల భుజం ఎక్కడుందో వెతికి, చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉందేమో, జయకుమారి ఉలిక్కిపడింది. తరువాత తల ఆ చేతి మీదికి వంచింది. మొదటిసారి ఏడ్చింది.

పడమటి ఎండ పందిరి కిందికి వచ్చి పెట్టెలో పడింది. ముగ్గురిలో ఎవరూ పెట్టెని జరపలేదు. తాటాకు అడ్డం పెట్టలేదు. ఊకలోని ఆఖరి మంచు నీళ్ళయ్యి, పలకల సందుల్లోంచి మెల్లిగా నేలలోకి ఇంకిపోయేదాకా అక్కడే కూర్చున్నారు.